నలభై తొమ్మిది నిమిషాల పాట

బుచ్చవ్వ ఒక్క అబద్ధం ఆడితే చాలు, కొడుకు ఇంటికొస్తాడని పొద్దున్నుంచి నలుగురు చెప్పి వెళ్లారు. ఆ నలుగురినీ ఆమె గడప దాటనివ్వలేదు. ఐదో మనిషిగా వచ్చిన లలితకుమారి మాత్రం అబద్ధం ఊసెత్తలేదు కాబట్టి, లోపలికి పిలిచి పీట వేసింది.

అప్పుడు సమయం పన్నెండూ పది. నాలుగు గంటలకు ఆమె కొడుకు భిక్షాన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు, అక్కణ్నుంచి జైలుకు పంపుతారు. హత్య కేసులో ఒకసారి జైలు గేటు లోపలికి పోయినవాడు మళ్లీ శామీర్‌పేట చెరువులో వల వేసేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. లలితకుమారి చేతిలో ఉన్నది మూడు గంటల యాభై నిమిషాలు.

ఆమె ఇరవై రెండేళ్లు రేడియో కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ అయిన మనిషి. నలభై ఆరేళ్లు, చిన్న జడ, చేతిలో ఎప్పుడూ నల్ల అట్ట నోటుబుక్కు. ఈ కేసు అప్పగించింది భిక్షం భార్య అంకిత. శామీర్‌పేట చౌరస్తాలో ఎస్టీడీ బూతు నడుపుతుంది. రాత్రి ఫోన్ చేసి, ఏడవకుండా, అడిగినదానికల్లా సూటిగా జవాబు చెప్పింది. అందుకే లలితకుమారి ఒప్పుకుంది.

జరిగింది ఇది. దూలపల్లిలో మధుసూదన్ అనే భూస్వామికి ఒక రికార్డింగ్ స్టూడియో ఉంది. పాత కోళ్ల షెడ్డును బాగుచేసి కట్టింది. నిన్న అక్కడ బుచ్చవ్వ గంగమ్మ కథ పాడింది. వెనకవైపు జనరేటర్ గదిలో మధుసూదన్ సెల్‌ఫోన్‌లో భార్య సృజనతో మాట్లాడుతుండగా మాట మధ్యలో ఫోన్ కట్ అయింది. ఫోన్ కంపెనీ లెక్క ప్రకారం సరిగ్గా పదకొండూ నలభై ఏడు. పదకొండూ యాభై ఒకటికి వాచ్‌మన్ యాదగిరి వెళ్లి చూస్తే మధుసూదన్ తల పగిలి పడి ఉన్నాడు. పక్కన జనరేటర్ తిప్పే ఇనుప హ్యాండిల్ ఉంది. అతన్ని లేపబోతూ, రెండు చేతులకూ నెత్తురు అంటించుకుని భిక్షం ఉన్నాడు.

ఆ పొద్దున్నే గేటు దగ్గర భిక్షం మధుసూదన్‌తో గొడవపడ్డాడు. మధుసూదన్ పోయినేడు తెచ్చిన క్యాసెట్‌లో పాట బుచ్చవ్వది, అట్ట మీద పేరూ ఫొటో ఇంకొకావిడవి. ఇంతకన్నా పోలీసులకు ఏం కావాలి?

స్టూడియోలో ఉన్న ఇంకో మనిషి ఇంజనీరు అన్వేష్ ఒక్కడే. అతని జోలికి ఎవరూ పోలేదు. ఎందుకంటే ఆ సమయంలో అతను అద్దం అవతల కూర్చుని బుచ్చవ్వ పాట రికార్డు చేస్తున్నాడు. ఆ మాట చెప్పింది స్వయంగా బుచ్చవ్వే. కన్నకొడుకును లోపలేసిన సాక్ష్యం తల్లిదే అయింది.

"అవ్వా, పాట ఎప్పుడు మొదలుపెట్టావు?"

"పదకొండు కూత అయినంక. ఆ కంపినీ కూత మైకులకెల్లి ఇనవడ్తదట. కూత ఆగేదాంక ఎర్ర బల్పు ఎయ్యడు. దినాం గంతేనట."

"మధ్యలో ఆపావా?"

బుచ్చవ్వ ఆమె ముఖంలోకి చూసింది. "గంగమ్మ కథ నడిమిట్ల ఆపుతరా బిడ్డా? మొదలువెడితే హారతి దాంక పాడుడే. మా అత్త పాము వచ్చినా ఆపలే."

"పాడుతున్నంతసేపూ అన్వేష్ ఎదురుగానే ఉన్నాడా?"

"ఉన్నడు. అద్దం అవుతల గూసున్నడు, చూసిన. ఉన్నోన్ని లేడని ఎట్ల జెప్పాలె? నా కొడుకు కోసమైనా సరే, గంగమ్మ పాట పాడిన నోటితోని అబద్ధం ఆడ."

"నేనూ ఆడమనడం లేదు. పాట అయ్యాక ఏం జరిగింది?"

ఈ ప్రశ్న ఆమెను నిన్నట్నుంచి ఎవరూ అడగలేదు. "చెయ్యి సూపెట్టి కూసోమన్నడు. లేచి పోయిండు. నేను సంచి దీసి ఆకు ఏసుకున్న. సున్నం రాసి, వక్క కొట్టి, మంచిగ నమిలిన. నోరంత నిండింది. ఉమ్ముదమంటే ఆడ కింద మెత్తటి గుడ్డ పరిసిండ్రాయె. గట్లనే పట్టుకోని కూసున్న. గప్పుడొచ్చిండు పిలగాడు, బయిటికి రా అవ్వా, ఘోరమైందని."

లలితకుమారి పెన్ను ఆగింది. ఆకు చుట్టి, వక్క కొట్టి, నోరు నిండేదాకా నమలడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు నిమిషాలు తక్కువ కాదు. కానీ రికార్డింగ్ పొడవు నలభై తొమ్మిది నిమిషాలని పోలీసులు రాశారు. పదకొండు కూత తర్వాత మొదలైన పాట పదకొండూ నలభై తొమ్మిది దాటాకే ముగియాలి. యాభై ఒకటికి శవం దొరికింది. మధ్యలో ఈ ఆకు ఎక్కడ పడుతుంది?

"ఠాణాల ఆ పాట మల్ల ఇనిపిచ్చిండ్రు," అంది బుచ్చవ్వ తనంతట తనే. "నీదేనా అన్నరు. నాదే అన్న. గని బిడ్డా, నా గొంతు గట్లుండది. జరం వచ్చినోళ్ల లెక్క బరువుగున్నది. గా మాట జెప్తే సారు నవ్విండు."

లలితకుమారి నవ్వలేదు. నోటుబుక్కులో ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది.

*

ఒంటిగంటా పదిహేనుకు ఆమె దూలపల్లి స్టూడియోకు చేరేసరికి పోలీసు జీపు అప్పటికే నీడలో ఆగి ఉంది. లోపల ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య బేడీలతో భిక్షం కూర్చున్నాడు. కోర్టుకు తీసుకెళ్లే దారిలో ఇక్కడ ఆపారు. ఆపాల్సి వచ్చినందుకు ఇన్‌స్పెక్టర్ జానకిరామయ్యకు ఒళ్లు మండుతోంది.

"ఏసీపీ గారు చెప్పారు కాబట్టి వచ్చాను మేడమ్. రెండున్నర వరకే మీకు టైమ్. రికార్డర్ కూడా మోసుకొచ్చాను. ఇంకేమైనా సేవ చెయ్యాలా?"

"మీరు ఆ రికార్డింగ్‌ను గడియారం పెట్టి కొలిచారటగా?"

జానకిరామయ్య కాస్త మెత్తబడ్డాడు. చేసిన పని గురించి అడిగితే ఎవరైనా మెత్తబడతారు. "స్టేషన్లో నేనే స్వయంగా కూర్చుని కొలిచాను. మిషన్ మీద నలభై ఎనిమిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు చూపించింది. నా వాచీలోనూ అంతే వచ్చింది. సెకను తేడా లేదు. మిషన్ అబద్ధం చెప్పదు మేడమ్, మనుషులే చెబుతారు."

"ఆ రికార్డర్‌లో తేదీ, టైమ్ ఉండవా?"

"ఉండవు. ఎంతసేపు రికార్డయిందో మాత్రమే చూపిస్తుంది. అది చాలదా? కూత ఆగింది పదకొండు దాటిన అర నిమిషానికి. దానికి నలభై తొమ్మిది కలపండి. ఫోన్ కట్ అయినప్పుడు అన్వేష్ ఎక్కడున్నాడో చిన్నపిల్లలు కూడా చెబుతారు."

కూడిక సరిగ్గానే ఉంది. లలితకుమారి దాన్ని కాదనలేదు.

అన్వేష్ కంట్రోల్ గది బయట నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గోళ్లు. ఈ షెడ్డును కోళ్ల వాసన పోయేదాకా కడిగి, గోడలకు తన చేతులతో దూది దిండ్లు కొట్టి, ఆరేళ్లలో స్టూడియోగా చేసింది అతనేనని యాదగిరి అప్పటికే చెప్పాడు. ఆవరణలో కొత్తగా పాతిన ప్లాట్ల హద్దు రాళ్లు ఎర్ర రంగు తలలతో వరుసగా ఉన్నాయి. ఒక రాయి సరిగ్గా పాటలు పాడే గది గోడను ఆనుకుని ఉంది.

"ఈ రాళ్లేమిటి?"

"వెంచర్ మేడమ్. మా మధుసూదన్ పటేల్ సారు ప్లాట్లు చేస్తుండె. వచ్చే నెల షెడ్డు కూలగొడ్తరంట." గొంతులో ఏ మార్పూ లేదు. అంత మార్పు లేకపోవడమే ఆమెకు నచ్చలేదు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొన్న."

"నిన్న పాట రికార్డు చేసేటప్పుడు ఏమైనా మార్చారా? కొత్త మైకు, కొత్త వైర్లు?"

"ఏం లేదు. ఎప్పటి లెక్కనే. అదే మైకు, అదే బాక్సు. క్యాసెట్టుకు, సీడీకి ఎట్ల జేస్తమో గట్లనే."

"మొన్న ఏం రికార్డు చేశారు?"

అన్వేష్ అర సెకను ఆగాడు. "టీవీ సీరియల్ డబ్బింగ్."

లలితకుమారి అప్పుడు ఒక ఎర వేసింది. మనిషిని కదిలించి చూడడానికి ఆమె ఎప్పుడూ చేసే పని అదే. "బుచ్చవ్వ ఒక మాట చెప్పింది. పాట అయిపోగానే మీరు లేచి వెళ్లారట. తను తాంబూలం నమిలి ముగించేదాకా మీరు రాలేదట."

"ముసల్ది. గడియారం చూడొస్తదా ఆమెకు?"

"రాదు. కానీ కోర్టులోనూ ఇదే చెబుతానంది. ఆమె మాట మార్చే మనిషి కాదు."

అన్వేష్ తల ఊపాడు. భోజనం చేసి వస్తానని జానకిరామయ్యను అడిగాడు. సాక్షిని ఆకలితో ఉంచడమెందుకని ఆయన వెళ్లమన్నాడు. గడియారంలో ఒంటిగంటా నలభై. లలితకుమారి కూడా అడ్డు చెప్పలేదు. తర్వాత చాలాకాలం ఆమె తనను తాను తిట్టుకున్నది ఈ క్షణం గురించే.

*

సీలు తీసి పాటల గదిలోకి వెళ్లారు, వెనక రికార్డర్ మోస్తూ జీపు డ్రైవరు. చిన్న గది. నిన్న సాయంత్రం సీలు వేశాక ఎవరూ అడుగుపెట్టలేదు. మధ్యలో స్టాండుకు మైకు, దాని కింద చాప. చాప పక్కన హార్మోనియం. బుచ్చవ్వ శ్రుతి కోసం ఎడమ చేత్తో తిత్తి ఊపుకుంటూ పాడుతుంది. మెట్టు నొక్కి పట్టుకునే పని లేకుండా, ఆ మెట్టు సందులో అగ్గిపుల్ల దూర్చి బిగించడం పాడేవాళ్లలో చాలామంది చేసే పనే. అగ్గిపుల్ల ఇంకా అక్కడే ఉంది, రెండో నల్ల మెట్టు దగ్గర.

లలితకుమారి వంగి చాప అంచున కార్పెట్ మీద నుంచి మూడు వస్తువులు ఏరింది. రెండు తమలపాకు తొడిమలు, ఒక వక్క పలుకు.

"ఇవి మీ జాబితాలో లేవు."

"తొడిమలు కూడా రాయాలా?" అన్నాడు జానకిరామయ్య.

"ఆమె ఈ గదిలోనే తాంబూలం వేసుకుంది. పాడేముందు వేసుకోదు, పాడుతూ వేసుకోలేదు. పాట అయ్యాక వేసుకుంది. శవం దొరికే లోపలే నమిలి ముగించింది. మీ లెక్కలో ఆమెకు మిగిలింది నిమిషంన్నర. మీరు నమిలి చూడండి, చాలుతుందేమో."

"ముసలావిడ దవడలు పట్టుకుని కేసు తిరగరాయమంటారా? రికార్డింగ్ ఉంది మేడమ్! కొలిచాను!"

ఆమె అద్దం అవతలి కంట్రోల్ గదిలోకి నడిచింది. మైకు నుంచి వచ్చిన వైరు ఒక చదునైన నల్ల బాక్సులోకి పోతోంది. బాక్సు ముందువైపు ఒక మీట, దాని పక్కన 44.1 అన్న అంకె మీద పచ్చ దీపం. పైన 48 అన్న ఇంకో అంకె ఉంది, అక్కడ దీపం వెలగడం లేదు. బల్ల మీద పని రిజిస్టరు. ప్రతి రికార్డింగ్‌కూ ఒక వరుస, చివరి గడిలో ఈ అంకె. మొన్నటి సీరియల్ డబ్బింగ్ ఎదురుగా 48. నిన్న బుచ్చవ్వ పేరెదురుగా 44.1. రెండూ అన్వేష్ చేతిరాతే.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు శనివారాలు భజనల్లో హార్మోనియం వాయిస్తారని విన్నాను."

జానకిరామయ్య ఉలిక్కిపడ్డాడు. జీపు డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. "దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"రికార్డర్‌ను ఈ బాక్సుకు కలుపుతాను. పాటలో హార్మోనియం శ్రుతి వినబడుతుంది. ఏ మెట్టో మీరే కనిపెట్టండి."

ఆమె వైర్లు కలిపింది. స్పీకర్లలో బుచ్చవ్వ గొంతు నిండింది, బరువుగా, నిదానంగా, వెనక హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని. జానకిరామయ్య విసుగ్గానే, డ్రైవరు ఇవతలికి తెచ్చిపెట్టిన హార్మోనియం ముందు కూర్చున్నాడు. అగ్గిపుల్ల బిగించిన మెట్టు మోగించాడు. రికార్డింగ్ కన్నా అది చాలా పైన ఉంది. అగ్గిపుల్ల తీసి కిందికి దిగాడు. తెల్ల మెట్టు నొక్కాడు, అదీ కొంచెం పైనే. మొదటి నల్ల మెట్టు నొక్కాడు, అది కిందికి పోయింది. మళ్లీ తెల్లది. మళ్లీ నల్లది. రెండు స్వరాలూ పాటతో కలవక గరగరమన్నాయి.

ఆయన ముఖంలో విసుగు పోయింది. వాయిద్యం తెలిసిన మనిషి కదా, చెవిని మోసం చెయ్యలేడు.

"ఇది రెండు మెట్లకూ మధ్యలో ఉంది," అన్నాడు మెల్లగా. "మధ్యలో స్వరం ఈ పెట్టెలో లేదు."

"లేదు. కాబట్టి మనం వింటున్నది నిన్న ఈ గదిలో మోగినది కాదు."

"ఇంకో హార్మోనియం వాయించారేమో."

"అగ్గిపుల్ల ఈ పెట్టెలోనే ఉంది. బుచ్చవ్వ కూడా మీకు చెప్పింది, గొంతు బరువుగా ఉందని. మీరు నవ్వారు."

జానకిరామయ్యకు చివుక్కుమంది. "ముసలమ్మ మాటలు వింటూ కూర్చుంటే నాలుగింటికి కోర్టులో నేనేం చెప్పాలి? అసలు మీరు చెప్పదలచుకున్నదేమిటో సూటిగా చెప్పండి. మీ రేడియో పాఠాలు నాకొద్దు."

"పాఠం చిన్నదే. మైకు పట్టే శబ్దం వైర్లోకి వచ్చేసరికి చాలా సన్నగా ఉంటుంది. ఈ బాక్సు దాన్ని పెంచుతుంది. పెంచి, సెకనుకు ఇన్ని అని ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ అంకెగా మార్చి రికార్డర్‌కు పంపుతుంది. సీడీ పనికి సెకనుకు నలభై నాలుగు వేల వంద ముక్కలు. టీవీ పనికి నలభై ఎనిమిది వేలు. మొన్న టీవీ పని చేశారు. మీట 48 మీద పెట్టారు. నిన్న దాన్ని వెనక్కి తిప్పడం మరిచిపోయారు. రికార్డర్‌ను మాత్రం సీడీ లెక్కకు మార్చారు."

"అయితే?"

"బాక్సు నలభై ఎనిమిది వేల చొప్పున పంపుతోంది. రికార్డర్ నలభై నాలుగు వేల వంద రాగానే ఒక సెకను అయిందని లెక్కేసుకుంటోంది. చిన్న మానికతో బియ్యం కొలిస్తే ఏమవుతుంది?"

"మానికల లెక్క ఎక్కువ వస్తుంది," అన్నాడు జీపు డ్రైవరు, తనను ఎవరూ అడగకపోయినా.

జానకిరామయ్య అతన్ని కోపంగా చూశాడు గానీ కాదనలేదు.

"బియ్యం పెరగలేదు. పాటా పెరగలేదు," అంది లలితకుమారి. "మీరు స్టేషన్లో కొలిచినప్పుడు రికార్డర్ తన చిన్న మానికతోనే మళ్లీ పోసింది. అందుకే పాట సాగింది, శ్రుతి దిగింది, మీ వాచీతో సెకను తేడా లేకుండా సరిపోయింది. బాక్సుకు కలిపితే రికార్డర్ బాక్సు వేగాన్నే పాటిస్తుంది. ఇప్పుడు చూడండి."

ఆమె బాక్సు మీద మీట తిప్పింది. పచ్చ దీపం 44.1 దగ్గర ఆరి 48 దగ్గర వెలిగింది. స్పీకర్లలో బుచ్చవ్వ గొంతు ఒక్కసారిగా లేచింది. మధ్యాహ్నం పీట మీద కూర్చుని లలితకుమారి విన్న గొంతు అదే, ఖంగుమనే గొంతు. జానకిరామయ్య ఎవరూ చెప్పకుండానే రెండో నల్ల మెట్టు నొక్కాడు. హార్మోనియం పాటలో కలిసిపోయింది, రెండుగా వినబడలేదు.

"మీ స్టాప్‌వాచీ తీయండి. రికార్డర్ మీద ఒక నిమిషం దాటేసరికి మీ వాచీలో ఎంతైందో చూడండి."

రికార్డర్ అంకెలు పరుగెత్తాయి. అరవై పూర్తయ్యేసరికి ఆయన బటన్ నొక్కాడు. చూశాడు. నమ్మలేక మళ్లీ ఒకసారి కొలిచాడు.

"యాభై ఐదు."

"నిమిషానికి ఐదు సెకన్ల చొప్పున తీసేయండి. మీ నలభై తొమ్మిది నిమిషాలు నలభై ఐదు అవుతాయి. పాట పదకొండూ నలభై ఐదున్నరకు అయిపోయింది. బుచ్చవ్వ అబద్ధం చెప్పలేదు. పాడినంతసేపూ అన్వేష్ ఎదురుగానే ఉన్నాడు. ఫోన్ కట్ అయినప్పుడు మాత్రం ఆమె పాడడం లేదు, ఆకుకు సున్నం రాసుకుంటోంది."

జానకిరామయ్య లేచి పాట ఆపాడు.

"కావాలనే చేశాడా?"

"మీట మరిచిపోవడం పొరపాటే. ఆరేళ్లు కష్టపడి చేసిన స్టూడియో కూలిపోతుందని, ప్లాట్ల రాళ్లు చూసినప్పట్నుంచి అతని మనసు మనసులో లేదు. మధుసూదన్‌ను కొట్టిన తర్వాత లోపలికొచ్చి అంకెలు చూసి ఉంటాడు, నలభై ఎనిమిదీ యాభై తొమ్మిది. ఎందుకలా వచ్చిందో ఈ షెడ్డులో అతనికొక్కడికే తెలుసు. మీట వెనక్కి తిప్పేశాడు, రిజిస్టర్లో 44.1 అని రాశాడు. ఆ అంకెలే తనను కాపాడతాయని తెలిసి నోరు మూసుకున్నాడు. తన పొరపాటును భిక్షం మెడకు చుట్టాడు."

"ఇదంతా కోర్టులో నిలబడుతుందంటారా? హార్మోనియం, మానికలు..."

"ఒంటరిగా నిలబడదు. పాట అవగానే అతను లేచి వెళ్లాడని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఉంది, బుచ్చవ్వ. ఆమె చెప్పేదానికి ఈ లెక్క తోడు. ఆమె లేకపోతే ఇది వట్టి లెక్కే."

జానకిరామయ్య బయటికి చూసి కేక వేశాడు. "అన్వేష్‌ను పిలవండి!"

రెండూ ముప్పై మూడు. కానిస్టేబుల్ టీ కొట్టు దాకా పరుగెత్తి ఒంటరిగా తిరిగొచ్చాడు. వెనక యాదగిరి తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"ఆ పిలగాడు బువ్వ తినలే సార్. స్టూడియో వ్యాను దీస్కోని పోయిండు."

"ఎప్పుడు? ఎక్కడికి?"

"గిప్పుడే... గాదు, గంట కావొస్తాంది. మేడమ్ రమ్మన్నదట, ముసలవ్వను తోల్కొస్త అన్నడు. మీరే పంపిండ్రనుకున్న."

లలితకుమారికి తను అన్వేష్‌తో అన్న మాటలు గుర్తొచ్చాయి. మాట మార్చే మనిషి కాదు, కోర్టులోనూ చెబుతానంది. ఆ ఎరను తనే వేసింది, తనే అతన్ని భోజనానికి పోనిచ్చింది. సెల్‌ఫోన్ తీసి చౌరస్తా బూతు నంబరు నొక్కింది.

అంకిత ఎత్తింది. "హలో, మేడమ్! అత్తమ్మ ఇప్పుడే బయలెల్లింది. ఐదు నిమిషాలైతాంది. మీ పేరు జెప్పంగనే చీర గూడ మార్చుకోలే, మస్తు సంబురంగ ఎక్కింది."

"నేను పంపలేదు అంకితా. వ్యాను ఎటు వెళ్లింది? దూలపల్లి రోడ్డు మీదికేనా?"

"లేదు మేడమ్... బూతు ముందటికెల్లే పోయిండ్రు. చెరువు పాత కట్ట దిక్కు మలిగిండ్రు. అడ్డదారేమో అనుకున్న. మేడమ్, ఏమైంది? ఎవలు వాడు?"

"చౌరస్తాలో ఎవరుంటే వాళ్లను తీసుకుని కట్ట మీదికి పో. పరుగెత్తు!"

జానకిరామయ్య అప్పటికే వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. తెల్ల వ్యాను, శామీర్‌పేట, ముసలావిడ. ఇంతసేపూ ఆమెతో తగువాడిన గొంతు అది కాదు. జీపు దగ్గరికి పరుగెత్తి, తాళంచెవి లాక్కుని భిక్షం బేడీలు తనే తీశాడు.

"నీ మీద కేసు లేదురా. దిగు. మేం తొందరగా పోవాలి."

భిక్షం దిగలేదు. మణికట్టు రుద్దుకుంటూ ఇద్దరి ముఖాలూ చూశాడు. ముప్పై గంటలుగా నిద్రలేని కళ్లలో సంతోషం నెమ్మదిగా వచ్చింది. "నేనేం జెయ్యలేదని తెలిసిందా మేడమ్? మా అమ్మకు జెప్పిండ్రా?"

లలితకుమారి జీపులో అతని పక్కనే ఎక్కి కూర్చుంది. "మీ అమ్మను అన్వేష్ వ్యాన్‌లో తీసుకుపోయాడు భిక్షం. నా పేరు చెప్పి ఎక్కించుకున్నాడు. తప్పు నాది. పాత కట్ట వైపు వెళ్లారట. అక్కణ్నుంచి ఏ రోడ్డు కలుస్తుంది?"

జీపు అప్పటికే గేటు దాటింది. భిక్షం ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏ రోడ్డు గల్వది మేడమ్," అన్నాడు. "గా బాట నీళ్లల్లకే పోతది."